వినిపించలేదన్న మనిషి

నాలుగింటికి సంతకాలు. ఇప్పుడు పన్నెండు దాటి పది నిమిషాలైంది. బస్సెక్కితే అరగంటలో తేలిపోయే దూరం, అందుకే గిలేన్ బస్సెక్కలేదు. నడిస్తే ఆలోచించుకోవచ్చని ఇంట్లో బూట్లు లాక్కుంటూ తనకు తాను చెప్పుకుంది గాని, వీధిలో పది అడుగులు వేసేసరికే తెలిసిపోయింది, ఇది ఆలోచించుకోవడానికి కాదు, ఆలస్యం చేయడానికి. చలి సున్నాకి ఇరవై మూడు డిగ్రీలు కింద ఉంది. మొదటి ఊపిరికే ముక్కులోపల చురుక్కుమంది, కనురెప్పల చివర తడి గడ్డకట్టి రెప్ప వేసినప్పుడల్లా అతుక్కుని విడిపోతోంది. ఎండ మాత్రం తెల్లగా, కళ్లలో పొడిచినట్టు. పగలు మాంట్రియల్ ఇలా ఉంటుందా? పదకొండు శీతాకాలాలుగా ఈ ఊరి ఫుట్‌పాత్‌ల మీద మంచు తోసే బండి నడిపింది తను. ఏ మెట్టు వీధిలోకి ముందుకొచ్చి ఉంటుందో, ఏ సిమెంటు పలక పైకి లేచి బ్లేడుకు తగులుతుందో, ఏ మలుపులో కరెంటు స్తంభం అడ్డమో అన్నీ ఆమె ఒంటికి తెలుసు. కానీ అదంతా తెల్లవారకముందు, సీటు ఎత్తు నుంచి, రెండు దీపాల వెలుతురు పడినంత మేర. ఆ వెలుతురుకి అవతల మనుషులు ఉంటారనీ, ఇలా సంచులు మోసుకుంటూ, ఒకళ్లనొకళ్లు కేకేసుకుంటూ, కుక్కలకు చిన్న బూట్లు తొడిగి తిప్పుకుంటూ ఉంటారనీ తెలియనట్టే నడిపింది. తెలియదా? తెలుసు. మెట్ల కింద వంగి ఒక మనిషి ఉండవచ్చని తెలియదని ఎవరైనా అనగలరా.

సంతకాలు పెట్టేది జోస్లీన్. ఆర్మెల్ కిరియాఁ అనే డెబ్బై ఎనిమిదేళ్ల ముసలాయన కూతురు. ఆయన్ని ఈ నెల తొమ్మిదో తేదీ పొద్దున గిలేన్ బండి వెనక్కొస్తూ గుద్దింది. తుంటి ఎముక విరిగింది, ప్రాణం దక్కింది. పోలీసులు వచ్చారు, బండి వెనక్కి నడిపి చూశారు, వెనక్కి నడిచేటప్పుడు కూయాల్సిన హారన్ కూసింది, రాసుకుని వెళ్లారు. ప్రమాదం, ఎవరి తప్పూ కాదు. అంతటితో అయిపోయేది. మొన్న మంగళవారం జోస్లీన్ బండ్ల యార్డుకి రాకపోతే అయిపోయేదే. యాభై ఏళ్లుంటాయి ఆవిడకి, కళ్ల కింద నల్లగా, తలుపు దగ్గరే నిలబడి, నేను గొడవకి రాలేదండీ, ఒక్క మాట తెలుసుకుని పోదామని, అంది. ఆ రోజు బండి నడిపింది మీరేనటగా, వెనక్కొచ్చేటప్పుడు ఆ కూత వచ్చిందా? గిలేన్ నోరు తెరిచేలోపే ఫోర్‌మన్ రెజాఁ అందుకున్నాడు, రిపోర్టులో ఉందమ్మా, పరీక్ష చేశారు. రిపోర్టు చూశానండీ, ఈవిడ నోటితో విందామని వచ్చాను, అంది జోస్లీన్. గోడ గడియారం పెద్దగా కొట్టుకుంటున్నట్టు అనిపించింది. బూట్ల కింద కరిగిన మంచు నీళ్లలో నూనె మరక రంగులు తిరుగుతోంది. మోగింది, అంది గిలేన్. చాలా మామూలు గొంతు. టీ తాగావా అంటే తాగానన్నట్టు.

అప్పుడు జోస్లీన్ కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. మోస్తున్న బరువు ఎక్కడో ఒకచోట దించేసిన మనిషిలా భుజాలు వాల్చేసింది. "అయితే సరే. నాన్నది రోజూ ఒకటే పాట. ఏ శబ్దమూ రాలేదు, వస్తే వినిపించేది అని. చెవులు పరీక్ష చేయిస్తే ఆ వయసుకి అబ్బురం అన్నారు. మరి చెవులు బాగుండి వినిపించలేదంటే..." అని తలవైపు వేలు చూపించింది. "నర్సుల మీద అరుస్తున్నాడు. తిండి పళ్లెం తోసేస్తున్నాడు. డాక్టరు మూడు మాటలు చెప్పి కాసేపాగి మళ్లీ చెప్పమంటే మీ నాన్ననడుగు అంటాడు. మెట్లున్న ఇల్లు, అమ్మ ఒక్కతి, ఈ మతితో ఎలా తీసుకెళ్లేది. మతి తప్పినవాళ్ల హోములో గది ఒకటి ఖాళీ అయింది. శుక్రవారం నాలుగింటికి ఆసుపత్రిలోనే కాయితాలు." చేతి తొడుగు తీసి మరీ గిలేన్ చెయ్యి పట్టుకుంది. "మీకూ నిద్ర ఉండి ఉండదు. మీ తప్పేం లేదండీ." ఆ చెయ్యి వెచ్చగా ఉంది. మూడు రోజులైనా ఆ వెచ్చదనం అరచేతిలోంచి పోలేదు, తొడుగులో వేళ్లు ముడిచినప్పుడల్లా తగులుతోంది.

మలుపులో ఒక పెద్దావిడ చక్రాల సంచి లాక్కుంటూ వచ్చి మంచు గుట్ట ముందు ఇరుక్కుపోయింది. గిలేన్ సంచి ఎత్తి ఇవతల పెట్టి, చెయ్యి ఇచ్చి ఆవిడనీ దాటించింది. "చల్లగా ఉండు తల్లీ. ఈ బండ్లు నడిపేవాళ్లున్నారే, మా వీధంటే వాళ్లకి సవతితల్లి ప్రేమ. రాత్రంతా ఒకటే కూతలు, పొద్దున లేచి చూస్తే ఇదిగో ఇక్కడో కొండ. అటు నిద్రా లేదు, ఇటు దారీ లేదు." గిలేన్ ఆ గుట్ట చూసింది. బ్లేడు కొంచెం ముందే పైకెత్తేశాడు, కొత్తవాడు ఎవడో, కొన్నాళ్లు తనని బండెక్కొద్దన్నాక తన వీధులు ఎవడికిచ్చారో. "నువ్వేం పనిచేస్తావమ్మా?" అంది పెద్దావిడ. "ఇప్పుడు ఖాళీగా ఉన్నానండీ." "అయితే రోజూ ఈ టైముకి ఇటు రా" అని నవ్వుకుంటూ పోయింది. అటు నిద్రా లేదు, ఇటు దారీ లేదు. ఆ కూత మీద విసుక్కోనివాళ్లు ఈ ఊళ్లో లేరు. కిటికీలోంచి గుడ్డు విసిరినవాడున్నాడు, హాకీ కర్ర పుచ్చుకుని లోపలి బట్టలతో మెట్లు దిగివచ్చినవాడున్నాడు, బండి నంబరు రాసుకుంటున్నానని బాల్కనీలోంచి వేలు ఆడించినావిడ ఉంది. వాళ్లెవరికీ గిలేన్ లొంగలేదు. కొత్తగా చేరినవాళ్లకి బండి నేర్పించేటప్పుడు మొదటి మాట తనే చెప్పేది: కాళ్లూ చేతులూ ఏం చేసినా క్షమిస్తాను, ఆ హారన్ జోలికి పోతే మాత్రం నా ముందుకు రాకు. ఏళ్ల తరబడి చెప్పిన మాట. తిట్టినవాళ్లు మార్చలేకపోయారు. బతిమాలిన ఒక్క మనిషి మార్చింది.

ఒంటారియో వీధి వదిలి ఉత్తరానికి తిరిగితే ఎత్తు మొదలవుతుంది. బండి మీద ఇది ఎత్తని ఎప్పుడూ తోచలేదు, ఇంజను గొంతు కాస్త మారేది, అంతే. ఇప్పుడు తొడలు లాగుతున్నాయి, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, అవతల స్టేడియం వాలు బురుజు పక్కకి ఒరిగి ఎవరి మాటో వినబోతున్నట్టు నిలబడి ఉంది. ఒంటిగంటా పది. ఉప్పు చల్లినచోట మంచు గోధుమరంగు జావలా ఉంది, చల్లనిచోట అద్దం. ఒక జారు, చేతులు గాలిలో, నిలదొక్కుకుంది. నాన్న ఇలాగే నడిచేవాడు చివరి రోజుల్లో, నేల మీద నమ్మకం లేనట్టు. ఉత్తరాన అబితిబిలో, రంపపు మిల్లులో ఇరవై రెండేళ్లు చేసి, నలభై ఐదేళ్లకే రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. ఆదివారం భోజనాల దగ్గర పన్నెండు మంది కూర్చునేవాళ్లు, అందరూ నవ్వాక ఒక్క క్షణం ఆగి నాన్న నవ్వేవాడు. ఆ ఒక్క క్షణం గిలేన్ తప్ప ఇంకెవరూ చూసేవాళ్లు కారు. మెల్లగా అతని ఎదురుగానే అతని గురించి మాట్లాడటం మొదలైంది. వాడికేం తెలుస్తుంది, వాడి సంగతి వదిలెయ్, సంతకం పెట్టించు చాలు. నాన్న భూమి అమ్మినప్పుడు బాబాయి కాయితం ముందు పెట్టి వేలితో చూపించాడు, ఇక్కడ, ఇక్కడ అని, చంటిపిల్లాడికి చూపించినట్టు. ఆ సాయంత్రం కట్టెల కొట్టం దగ్గర నాన్న ఆమెతో అన్నాడు, గొంతు ఎంత పెద్దదో అతనికి తెలియదు కాబట్టి వీధంతా వినపడేలా అన్నాడు: "చెవుడు ఏం కాదే. చెవుడుకి అలవాటు పడొచ్చు. ఉన్న మనిషిని లేడనుకుంటారు చూడు, దానికే అలవాటు పడలేను." పద్నాలుగేళ్లు తనకప్పుడు. చుట్టుపక్కలవాళ్లు వింటున్నారని సిగ్గుపడి, నెమ్మదిగా నాన్నా, నెమ్మదిగా, అని చేత్తో సైగ చేసింది. నాన్న ఆ చేతివైపు చూసి మాట్లాడటం ఆపేశాడు. తర్వాత పెద్దగా ఏమీ మాట్లాడలేదు. ఏడేళ్లు బతికాడు.

ఫోను జేబులో వణికింది. రైలు వంతెన కిందకి వచ్చి, గాలి తగలని గోడకి ఆనుకుని తీసింది. రెజాఁ. ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాడు, ఆమెకు ఉద్యోగం ఇచ్చింది అతనే, ఆడమనిషికి బండేంటని యార్డంతా నవ్వినప్పుడు తాళాలు ఆమె చేతిలో పెట్టింది అతనే.

"ఎక్కడున్నావ్?"

"నడుస్తున్నా."

"ఇంత చలిలోనా. బుర్రగాని గడ్డకట్టిందా?" అతను గొంతు తగ్గించాడు. "గిలేన్, ఆ కిరియాఁ వాళ్ల వైపు పోవట్లేదు కదా."

నెత్తిన సరుకు రైలు వెళ్తోంది, వంతెన దూలాల్లోంచి మంచు పొడి రాలి మెడమీద పడింది.

"చూడు, నేను నిన్నేమీ అడగలేదు. నువ్వు నాకేమీ చెప్పలేదు. అలాగే ఉండనీ. ముసలాయన బతికాడు, ఇంతకంటే ఏం అడుగుతాం దేవుణ్ణి. నువ్విప్పుడు ఏదో ఒకటి అన్నావనుకో, ఉద్యోగం ఒక్కటే కాదు పోయేది, పోలీసులకి అబద్ధం చెప్పినట్టవుతుంది. లైసెన్సు పోతుంది. కోర్టు. తెలుసా నీకు?"

"తెలుసు."

"సోమవారం పొద్దున నీ బండి నీదే. నేనే ఇంజను వేడి చేసి పెడతా. ఇంటికెళ్లి ఇంత సూపు తాగి పడుకో, నా తల్లి కదూ."

అతను మంచివాడు. అదే వచ్చిన చిక్కు, అందరూ మంచివాళ్లే. చెడ్డవాడెవడైనా ఉండి ఉంటే వాడి మీద కోపంతోనైనా నడిచేది. వేడి చేసిన ఇంజను, చీకటి, రెండు దీపాలు, బ్లేడు కింద మంచు పాలమీగడలా మడతలు పడుతూ పక్కకి వాలడం, వెనక్కి తిరిగి చూస్తే శుభ్రంగా దారి. ఆ పని తప్ప తనకు ప్రపంచంలో ఇంకేం వచ్చు. నలభై ఆరేళ్లు. మొగుడు తొమ్మిదేళ్ల క్రితం వెళ్లిపోయినప్పుడు కూడా ఆ రోజు పనికి వెళ్లింది, బండిలో కూర్చుంటే సరిపోయింది. తాళం వెనక్కివ్వమంటే ఇవ్వగలదా. వంతెన దాటి ఇవతలకి వచ్చేసరికి రెండైంది. ఎడమకి తిరిగితే మాసాఁ వీధి, దుకాణాలు, వెచ్చటి కాఫీ, అటునుంచి బస్సు, ఇల్లు. కాళ్లు నేరుగా పోయాయి. తను తిప్పలేదు. లేదు, తనే తిప్పింది, కాళ్ల మీద పెట్టడం ఎందుకు.

ఆ వీధిలో ఇళ్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, మూడేసి అంతస్తులు, ప్రతి ఇంటికీ బయట ఇనుప మెట్లు మెలి తిరిగి కిందికి దిగుతూ ఉంటాయి. మలుపు దగ్గర కరెంటు స్తంభం. అక్కడ దారి ఇరుకు, బండి ఒక్కసారి తిరగదు, ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు జరపాలి. నాలుగుసార్లు కూత, తెల్లవారుజామున ఐదున్నరకి, సరిగ్గా ఆర్మెల్ భార్య ఎర్మీన్ కిరియాఁ పడకగది కిటికీ కింద. డిసెంబరులో ఒకరోజు ఆవిడ మొగుడి కోటు మీద వేసుకుని, రెండు చేతులా కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగివచ్చింది. తిట్టడానికే అనుకుని గిలేన్ అద్దం దించింది. "తప్పుగా అనుకోకమ్మా, నీ పని నీది. ఆయనకి ఊపిరితిత్తులు పట్టేసి ఇరవై రోజులైంది, కూర్చునే నిద్రపోతాడు, ఆ నిద్ర పట్టేది తెల్లవారుజామున నాలుగింటికి. ఐదున్నరకి నువ్వొస్తావు. లేస్తే ఇక దగ్గే దగ్గు, పక్కటెముకలు విరిగిపోతాయేమో అనిపిస్తుంది. ఈ ఒక్క మూలలో కాస్త ఆ కూత తగ్గించే దారి లేదా తల్లీ?" లేదండీ అంది గిలేన్. ఆవిడ తలూపింది, వెనక్కి తిరిగింది, మూడు మెట్లెక్కి కమ్మీకి ఆనుకుని నిలబడిపోయింది. వీపు కదులుతోంది. ఏడుస్తోందని గిలేన్‌కి తెలిసింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. మరుసటిసారి మంచు పడ్డప్పుడు ఆవిడ ఒక ఉన్ని మేజోడు తెచ్చి ఇచ్చింది, ఆయనదే, పాతది. హారన్ నోట్లో అది కూరితే పిచ్చుక కూతంత కూడా రాలేదు. ఈ ఒక్క మలుపులోనే, ఆయన కోలుకునేదాకానే. ఆ తర్వాత మంచు పడిన ప్రతి పొద్దునా మెట్ల కమ్మీ చివర ఒక సంచి వేలాడేది, ఒకసారి మాంసం రొట్టె ముక్క, ఒకసారి బీట్‌రూట్ పచ్చడి సీసా. ఇద్దరూ మళ్లీ మాట్లాడుకోలేదు. కిటికీ తెర కదిలేది, గిలేన్ చెయ్యెత్తేది.

పండగలు వెళ్లాయి, ముసలాయన కోలుకున్నాడు, మేజోడు కూరడం మానాలని ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తు రాలేదా? వచ్చింది. రేపటినుంచి మానేద్దాం అనుకుంది. అలవాటైంది, హాయిగా ఉంది, ఆ మూలలో నిశ్శబ్దం తమ ఇద్దరి రహస్యంలా ఉంది. తొమ్మిదో తేదీ పొద్దున ఆర్మెల్ కిరియాఁ నెల దాటిన తర్వాత మొదటిసారి బయటికి వచ్చాడు, భార్యకి చెప్పకుండా, కింది మెట్టు మీద పేరుకున్న మంచు పార పెట్టి తీద్దామని. పక్క వీధిలో పెద్ద బండ్లు ఉరుముతున్నాయి, శీతాకాలం పొద్దున్నే ఈ ఊరంతా ఇంజన్ల మోతే, దానికెవరూ తల తిప్పి చూడరు. తల తిప్పించేది ఆ ఒక్క కూతే. వెనక చక్రాల దగ్గర చిన్న కుదుపు తగిలింది, మంచు గడ్డ ఎక్కినట్టు. తర్వాత పార నేల మీద పడ్డ శబ్దం. దిగి చూసేసరికి ఆయన పక్కకి పడి ఆకాశం వైపు చూస్తున్నాడు, అరవలేదు, రాలేదే అన్నాడు, ఏ శబ్దమూ రాలేదే. కోటు తీసి కప్పింది, అంబులెన్సుకి ఫోను చేసింది, ఆయన చెయ్యి పట్టుకుంది. ఇవన్నీ చేసింది. ఆ తర్వాత బండి వెనక్కి నడిచివెళ్లి, హారన్ నోట్లోంచి మేజోడు లాగి జేబులో పెట్టుకుంది. తల ఎత్తితే బాల్కనీలో ఎర్మీన్, రాత్రి బట్టలతో, కమ్మీ పట్టుకుని. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎంతసేపు? సైరన్ వినిపించేదాకా. నిద్రపోతున్నాను, ఏమీ తెలియదు, అని ఆవిడ పోలీసులకి చెప్పిందని తర్వాత తెలిసింది.

ఇప్పుడు ఆ మెట్ల కింద నిలబడి ఉంది గిలేన్. రెండో అంతస్తులో కిరియాఁల కిటికీకి నారింజరంగు అట్ట, అద్దెకు అని నల్ల అక్షరాలు, కింద ఫోను నంబరు. తెరలు తీసేశారు. వీధి చివరినుంచి మోత వినిపించింది, చిన్న బండి ఒకటి ఉప్పు చల్లుకుంటూ వస్తోంది, లోపల ఎవరో గడ్డం కుర్రాడు, చెవులకి పెద్ద తొడుగులు. ఆమె పక్కకి జరిగి గోడకి అతుక్కుంది. స్తంభం దగ్గర బండి ఆగింది. వెనక్కి కదిలింది. కూత. పదకొండేళ్లుగా ఆ శబ్దం గాజు అద్దాల లోపలినుంచి, చెవి తొడుగుల మీదుగా, దూరంగా ఎవరింట్లోనో గడియారం మోగినట్టు విన్నది. నేల మీద నిలబడి ఎప్పుడూ వినలేదు. ఇది చెవిలోంచి పోయి పళ్లలో దిగుతోంది, వద్దనుకున్నా ఒళ్లు వెనక్కి లాక్కుంటోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చచ్చినవాడు కూడా లేచి పక్కకి తప్పుకుంటాడు. ఇది వినిపించలేదని ఎవరైనా అంటే, కూత రాలేదనైనా నమ్మాలి, మతి లేదనైనా నమ్మాలి. బండి తిరిగి వెళ్లిపోయాక కూడా గోడకి అలాగే ఉండిపోయింది. మూడు కావస్తోంది. చెబితే ఎర్మీన్ ఏమవుతుంది. మొగుణ్ణి కాపాడబోయి కుంటివాణ్ణి చేసింది, ఇప్పుడు నోరు మూసుకుని పిచ్చివాణ్ణి చేస్తోంది, అని కూతురే అంటుంది. నలభై ఒక్క ఏళ్లు కాపురం చేసిన ఇల్లు ఖాళీ అవుతుంటే నోరు మెదపని మనిషి. తనలాగే. ఎంత భయపడి ఉంటే. ఆవిడ పేరు రాకూడదు. నేనే చేశాను, విసుగొచ్చి చేశాను, అంతే. అది అబద్ధమా? సగం. ఇంకో అబద్ధం మోయడానికి వెళ్తోందా అంత దూరం? కాళ్లు మొద్దుబారాయి. కాసేపాగితే ఇక వేళ్లు వంగవు, పెన్ను పట్టుకోవడం కూడా రాదు అని ఎందుకో అనిపించింది, అప్పుడే వేగంగా నడవడం మొదలుపెట్టింది, తర్వాత పరుగులాంటి నడక, మంచు మీద ఎవరూ నడవకూడని నడక.

ఆసుపత్రి మూడో అంతస్తులో సూపు వాసన, మందుల వాసన. వెచ్చదనానికి వేళ్లు సూదులు గుచ్చినట్టు మంటెత్తాయి. మూడుంబావు దాటి పది నిమిషాలు. తలుపు తీసే ఉంది. ఆర్మెల్ చక్రాల కుర్చీలో, ఒడిలో దుప్పటి, గడ్డం తెల్లగా మాసి. ఎర్మీన్ కిటికీ దగ్గర వీధివైపు తిరిగి నిలబడి ఉంది, చేతిలో ఆయన కోటు.

"పరీక్షకొచ్చావా?" అన్నాడాయన, ఆమె ముఖం చూడకుండానే. "గుర్రం, బూటు, కిటికీ. నిన్నటివి. మొన్నటివి కావాలా? నాకు చెప్పాలనిపించలేదు కాబట్టి చెప్పలేదు. పో."

"పరీక్షకి కాదండీ. తొమ్మిదో తేదీన మీ ఇంటి ముందు బండి నడిపింది నేను."

ఎర్మీన్ తిరగలేదు. కోటు పట్టుకున్న వేళ్లు మాత్రం బిగుసుకున్నాయి.

"మోగలేదండీ," అంది గిలేన్. ఇంత దూరం నడుస్తూ కూడబెట్టుకున్న మాటలన్నీ పోయాయి, మిగిలిన నాలుగు ముక్కలే వచ్చాయి. "మీరు చెప్పిందే నిజం. ఆ హారన్ నోరు నేనే మూశాను. పోలీసులు వచ్చేలోపు తీసేశాను. మీ అమ్మాయి వచ్చి అడిగితే మోగిందని చెప్పాను."

ముసలాయన దుప్పటి అంచు గుప్పిట్లో ముడిచాడు. తిడతాడని ఆమె ఎదురుచూసింది, తిడితే బాగుండునని.

"నిన్న మధ్యాహ్నం," అన్నాడు చివరికి, "నేను కూడా ఒప్పేసుకున్నాను. మోగే ఉంటుంది, నా బుర్రలోనే ఏదో ఊడిపోయింది అనుకున్నా. ఇంతమంది అంటుంటే ఎంతకని కాదంటాం. తుంటి విరగ్గొట్టినందుకు నిన్నేమీ అనను. కానీ నన్ను నేనే నమ్మకుండా చేశావు చూడు. దానికి నిన్నేం చెయ్యాలో నాకు తెలియట్లేదు."

"నాకూ తెలియదండీ."

"ఎందుకు మూశావ్?"

కిటికీవైపు చూడకూడదు. చూడలేదు. "ఆ కూత వినలేక. నాకే విసుగొచ్చి."

"రాయి," అన్నాడాయన. "నా కూతురు నా మాట నమ్మదు, కాయితం నమ్ముతుంది. ఇదిగో, ఈ భోజనాల చీటీ వెనక రాయి. తేదీ వెయ్యి."

వేళ్లు వంగుతున్నాయి. తేదీ వేసింది, పేరు రాసింది, బండి నంబరు, వీధి, వేళ. హారన్ నోరు మూసినది, తీసినది, అబద్ధం చెప్పినది. రాస్తుంటే రెజాఁ గుర్తొచ్చాడు, వేడెక్కుతున్న ఇంజను గుర్తొచ్చింది, పెన్ను ఒక్క క్షణం ఆగింది. ఎవరూ చెప్పలేదు, నా అంతట నేనే చేశాను, అని రాసి కింద సంతకం చేసింది.

"చదువు."

చదివింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత కళ్లు తెరవకుండానే మొదటినుంచి మొదలుపెట్టాడు, తేదీ, ఆమె పేరు, బండి నంబరు ఒక్కొక్క అంకె, వీధి, వేళ, ఒక్క ముక్క పొల్లుపోకుండా, బడిలో పద్యం ఒప్పజెప్పే పిల్లాడిలా గొంతు పెంచుకుంటూ. వరండాలో నడిచే నర్సు ఒకామె తలుపు దగ్గర ఆగి విని వెళ్లింది. "ఎవరూ చెప్పలేదు, నా అంతట నేనే చేశాను," అని ఆయన ముగించాడు. ముఖం తడిసిపోయి ఉంది, తుడుచుకోలేదు.

"ఆ చివరి మాట కొట్టెయ్యమ్మా," అంది ఎర్మీన్.

ఆవిడ కోటు మంచం మీద పెట్టి వచ్చింది, మొగుడి కుర్చీ పక్కనుంచి దాటుతున్నప్పుడు ఆయన ఆమె ముఖంలోకి చూశాడు, ఆవిడ ఆ చూపు తప్పించుకోలేదు. గిలేన్ ఎదురుగా నిలబడి చెయ్యి చాపింది.

"పెన్ను ఇలా ఇవ్వు. అక్కడ నేను రాయాలి."